ఇంటీరియర్ డిజైన్ సూత్రాలు పెళ్ళి మండపానికి పనికొస్తాయా? పీటల దగ్గర మొదలుపెట్టండి

మీ ప్రశ్న ఇదీ: ఇంటీరియర్ డిజైన్ చదివి రెండేళ్ళుగా ఇళ్ళ పనులు చేస్తున్నారు. మీ చెల్లెలి పెళ్ళి రాజమండ్రిలో ఒక ఫంక్షన్ హాల్లో, రాత్రి ముహూర్తం. డెకరేషన్ వాళ్ళు ఫోటోల ఆల్బమ్ ముందు పెట్టి ఒకటి ఎంచుకోమంటున్నారు. చదువుకున్న బ్యాలెన్స్, ప్రొపోర్షన్, రంగుల లెక్కలు పెళ్ళికి పనికొస్తాయా, వస్తే ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు.

పనికొస్తాయి. దాదాపు అన్నీ పనికొస్తాయి. కానీ వరుస మారుతుంది. పీటల మీద కూర్చునే ఇద్దరి దగ్గర మొదలుపెట్టి బయటికి రండి. ముందు కూర్చోవడం, కనబడడం, నడక. తర్వాత వెలుతురు. ఆ తర్వాతే రంగు. పూలు చిట్టచివర. డెకరేషన్ వాళ్ళ ఆల్బమ్ సరిగ్గా దీనికి తలకిందులుగా ఉంటుంది, పూలతో మొదలై బ్యాక్‌డ్రాప్‌తో ఆగిపోతుంది. ఆ ఫోటోల్లో మనుషులు ఉండరు, గమనించండి. ఖాళీ మండపం ఫోటో చూసి మండపం ఎంచుకోవడమంటే సోఫా వేయకముందు హాలు బాగుందని ఇల్లు కొనడం లాంటిది.

నేను విజయవాడలో ఇళ్ళ ఇంటీరియర్స్ చేస్తాను, చాలా ఏళ్ళుగా పెళ్ళి మండపాలు కూడా చేస్తున్నాను. ఆ అనుభవంతో రాస్తున్నాను. కొంచెం పొడుగ్గానే ఉంటుంది.

ముందు పురోహితుడితో మాట్లాడండి

ఇంటి పనిలో మొదటి రోజు ఏం చేస్తాం? ఇంట్లో ఎంతమంది, ఎవరు ఎక్కడ పడుకుంటారు, వంట ఎవరు చేస్తారు అని అడుగుతాం. మండపంలో మూడు నాలుగు గంటలు పని చేసే మనిషి పురోహితుడు. ఆయన్ని అడగకుండా గీసిన ప్లాన్ పెళ్ళి రోజు నిలబడదు. కలశం ఎక్కడ, హోమగుండం ఎక్కడ, సామాను ఏ చేతి వైపు ఉండాలి, కన్యాదానం అప్పుడు అమ్మానాన్నలు ఎటు కూర్చుంటారు, బుట్టలో పెళ్ళికూతుర్ని తెచ్చే మేనమామ ఏ వైపు నుంచి ఎక్కాలి, ఇవన్నీ కాగితం మీద రాసుకోండి.

అన్నిటికన్నా ముఖ్యమైంది దిక్కు. మనవైపు ఎక్కువ ఇళ్ళలో పెళ్ళికొడుకు తూర్పు ముఖంగా, పెళ్ళికూతురు అతనికెదురుగా పడమర ముఖంగా కూర్చుంటారు, మధ్యలో అడ్డుతెర. ఇప్పుడు హాల్ ప్లాన్ తీసి చూడండి. జనం స్టేజీకి తూర్పున కూర్చుంటే, జీలకర్ర బెల్లం పెట్టే క్షణంలో పెళ్ళికూతురి వీపే అందరికీ కనిపిస్తుంది. జనం ఉత్తరానో దక్షిణానో ఉంటే ఇద్దరూ పక్క నుంచి కనిపిస్తారు, ఆ క్షణానికి అదే అందమైన దృశ్యం. కానీ తర్వాత ఇద్దరూ పక్కపక్కన తూర్పుకు తిరిగి కూర్చున్నాక, తూర్పున ఉన్నవాళ్ళకే ముఖాలు తిన్నగా కనబడతాయి. అంటే ఏ హాలూ అన్ని ఘట్టాలకూ సరిపోదు. ఏ ఘట్టం ఎవరికి కనబడాలో మీ కుటుంబం ముందే అనుకోవాలి.

దీనికి నేను చేసేది ఇదీ. స్టేజీ తూర్పు ముఖంగా ఉంటే బ్యాక్‌డ్రాప్‌ను మండపం వెనక స్తంభాలకు ఆనించకుండా 4 అడుగులు వెనక్కి జరుపుతాను. పెళ్ళికొడుకు వెనక ఆ ఖాళీలో ఒక ఫోటోగ్రాఫర్, ఒక వీడియో మనిషి నిలబడతారు. పెళ్ళికూతురి ముఖం వాళ్ళ కెమెరాకి దొరుకుతుంది, అదే దృశ్యం పక్కనున్న ఎల్‌ఈడీ తెర మీద హాలంతా చూస్తుంది. వెనక ఖాళీ వదలకపోతే వాళ్ళు మండపంలోకి, పురోహితుడి మోకాళ్ళ మీదకి వస్తారు. మీరు చూసిన పెళ్ళిళ్ళు గుర్తు చేసుకోండి, తాళి కట్టేటప్పుడు అడ్డం వచ్చేది దాదాపు ఎప్పుడూ కెమెరాలే. తప్పు వాళ్ళది కాదు. వాళ్ళు నిలబడే చోటు ప్లాన్‌లో ఎవరూ గీయలేదు.

కొలతలు

మండపంలో తలలు లెక్కపెట్టండి. వధూవరులు, రెండు వైపులా తల్లిదండ్రులు, ఇద్దరు పురోహితులు, తోడిపెళ్ళికూతురు, పెద్దమ్మలు, మేనత్తలు, కెమెరాలు. పన్నెండు నుంచి పదిహేను మంది, హోమగుండం, పళ్ళేలు. ఆల్బమ్‌లో చూపించే 12 అడుగుల మండపం వీళ్ళకి చాలదు. లోపలి కొలత 16 అడుగుల వెడల్పు, 14 అడుగుల లోతు ఉంటే ఊపిరాడుతుంది. హాల్ స్టేజీ అంత లేకపోతే మండపం చిన్నది చేయకండి, స్టేజీ ముందుకు ప్లాట్‌ఫారం వేయించి పెంచండి.

స్తంభాల సంగతి కూడా చూడాలి. 4 అంగుళాల పైపుకు బంతిపూల దండలు చుట్టేసరికి అడుగున్నర లావవుతుంది. ముందు రెండు స్తంభాలూ అంత లావైతే పక్క వరసల్లో కూర్చున్నవాళ్ళకి ఒక మనిషి కనబడడు. ముందువి సన్నగా, వెనకవి నిండుగా చేయండి. నాలుగూ ఒకేలా ఉండాలని ఏ శాస్త్రంలోనూ లేదు, అది సప్లయర్ గోడౌన్‌లో ఉన్న సెట్టు సంగతి.

ఎత్తు లెక్క చిన్నదే కానీ ఎవరూ వేయరు. కుర్చీలో కూర్చున్న మనిషి కన్ను నేల నుంచి దాదాపు 4 అడుగులు. పీట మీద కూర్చున్న పెళ్ళికూతురి ముఖం స్టేజీ నుంచి సుమారు 3 అడుగులు. స్టేజీ 3 అడుగులైతే ముఖం 6 అడుగుల దగ్గర ఉంటుంది. స్టేజీ ముందు నేల మీద నిలబడ్డ మనిషి తల కూడా అక్కడే ఉంటుంది. ఒక్కడు నిలబడితే వెనక వరసలు పోయినట్టే. అందుకే స్టేజీ మొత్తం ఎత్తు పెంచకుండా, మండపం వరకే ఇంకో అడుగు ఎత్తున ఒక దిమ్మె వేయిస్తాను. దాని చుట్టూ 3 అడుగుల వెడల్పు నడవ కిందనే ఉంటుంది, బంధువులు అక్కడే కూర్చుంటారు, నిలబడరు. పెద్దవాళ్ళు ఎక్కడానికి మెట్టు 6 అంగుళాలకు మించకూడదు, కాలు ఆనే చోటు అడుగు ఉండాలి, ఒక పక్క పట్టుకోవడానికి రెయిలింగ్ తప్పనిసరి. హాళ్ళలో తెచ్చి పెట్టే ఇనుప మెట్లు చాలావరకు 9 అంగుళాలు ఉంటాయి. మోకాళ్ళ నొప్పులున్న నాయనమ్మ అక్షింతలు వేయడానికి ఎక్కలేక కిందే కూర్చుండిపోతుంది. ఆమె ఆశీర్వాదం కోసమే కదా ఇంత చేస్తున్నది. ఒక ఇంట్లో తాతగారు చక్రాల కుర్చీలో ఉన్నారని వెనక నుంచి వాలుగా చెక్క దారి వేయించాం, అడుగు ఎత్తుకి 12 అడుగుల పొడవు. పూల బడ్జెట్ కొంచెం తగ్గింది. ఆ ఇంట్లో ఎవరూ పూల గురించి అడగలేదు.

తలంబ్రాలకి పైన చోటు వదలండి. లేచి నిలబడి పోటీ పడి పోస్తారు, చేతులు పైకి లేస్తాయి. వేలాడే పూల సరాలు 8 అడుగులకన్నా కిందికి రాకూడదు. హోమగుండం పైన మాత్రం ఏ ఎత్తులోనూ ఏమీ వేలాడకూడదు. చుట్టూ 3 అడుగుల లోపు పరదా గుడ్డ, థర్మాకోల్, ప్లాస్టిక్ పూలు ఉండకూడదు. పక్కన ఇసుక బకెట్, మంటలార్పే సిలిండర్ పెట్టించండి, అది ఎలా వాడాలో తెలిసిన మనిషిని కూడా అక్కడే ఉంచండి. నెయ్యి పడ్డప్పుడు మంట ఎంత లేస్తుందో మీకు తెలుసు. అమెరికాలో ఉన్న మన వాళ్ళు హోటల్ హాళ్ళలో పెళ్ళి చేసేటప్పుడు హోమానికి హోటల్ ఒప్పుకోలుతో పాటు చాలాచోట్ల అగ్నిమాపక శాఖ అనుమతి కూడా తీసుకోవాల్సి వస్తుంది. ఇక్కడ ఎవరూ అడగరు, కాబట్టి మనమే అడగాలి.

వెలుతురు: సగం పని ఇదే

రాత్రి ముహూర్తం అన్నారు కాబట్టి దీని మీద ఎక్కువ రాస్తాను. కిటికీ వెలుతురు ఉండదు, కనబడేదంతా మీరు వేసిన దీపాలే.

ఇంట్లో మూడు పొరలు వేస్తాం కదా, గదంతా పరుచుకునేది, పని జరిగే చోట పడేది, ఒక వస్తువును ఎత్తి చూపేది. మండపంలో పని జరిగే చోటు పీటలు. ముందు నుంచి, రెండు పక్కల నుంచి, పైనుంచి ఏటవాలుగా 45 డిగ్రీల కోణంలో వెలుతురు ముఖాల మీద పడాలి. నెత్తి మీద ఒకే ఒక్క లైటు వేలాడదీస్తే బాసికం నీడ కళ్ళ మీద పడుతుంది, పాపిటబిళ్ళ నీడ ముక్కు మీద పడుతుంది.

వెలుతురు రంగును కెల్విన్లలో కొలుస్తారు, అంకె తగ్గేకొద్దీ పసుపు, పెరిగేకొద్దీ తెలుపు. దాన్ని 3000 నుంచి 3500 కెల్విన్ మధ్య ఉంచండి. పసుపు రాసిన ముఖం, బంగారం, పట్టు ఈ వెలుతురులో బాగుంటాయి. ఇంకా కిందికి పోతే పసుపు ముఖం నారింజ రంగుకి తిరుగుతుంది, 6500 కెల్విన్ ట్యూబులైటు తెలుపులో పాలిపోతుంది. సీఆర్ఐ, అంటే రంగుల్ని ఉన్నదున్నట్టు చూపించే గుణానికి వందకి వేసే మార్కు, 90 పైన ఉన్న లైట్లు అడగండి. సప్లయర్ దగ్గర లేకపోతే ముఖాల మీద పడే నాలుగు లైట్లు మాత్రమే బయట నుంచి అద్దెకి తెచ్చుకోండి, ఖర్చు పెద్దగా కాదు.

ఊదా, నీలం, గులాబీ రంగుల పార్ క్యాన్ లైట్లు (డబ్బా ఆకారంలో ఉండే స్టేజీ లైట్లు) మనవైపు మండపాలకి పట్టిన పెద్ద జబ్బు. వాటిని మనుషుల మీదకి తిప్పితే పెళ్ళికూతురి చెంప ఒకటి నీలం, ఒకటి గులాబీ. తెల్ల పంచె ఊదా. ఏ ఫోటోగ్రాఫరూ దాన్ని తర్వాత సరిచేయలేడు. అవి కావాలంటే బ్యాక్‌డ్రాప్ మీదకో, సీలింగ్ మీదకో తిప్పండి, మంగళసూత్రధారణ టైముకి ఆపేయించండి. హాల్ షాండిలియర్లు కూడా సగం ఆపించి చూడండి. స్టేజీ కన్నా జనం కూర్చున్న చోటు కొంచెం మసకగా ఉంటే కన్ను తనంతట తానే మండపం మీదకి పోతుంది.

ఇవన్నీ సాయంత్రం కాకుండా ముహూర్తం జరిగే టైములోనే ఒకసారి వెలిగించి చూడండి. ఎవరినైనా ఇద్దర్ని, ఒకరికి తెల్ల పంచె కట్టించి, పీటల మీద కూర్చోబెట్టి ఫోన్‌తో ఫోటో తీయండి. పది నిమిషాల పని.

రంగు: మధుపర్కాలు మర్చిపోకండి

ఇంటికి వాడే 60-30-10 లెక్క (60 శాతం ప్రధాన రంగు, 30 తోడు రంగు, 10 మెరిపించే రంగు) ఇక్కడా నడుస్తుంది, కానీ 60 శాతం మీ చేతిలో లేదు. హాల్ గోడలు, కార్పెట్, సీలింగ్, కుర్చీల కవర్లు అప్పటికే ఉన్నాయి. హాల్‌కి వెళ్ళినప్పుడు వాటి ఫోటో తీసుకుని ఆ రంగుని పునాదిగా పెట్టుకోండి. మెరూన్ కార్పెట్ ఉన్న హాల్లో లేత గులాబీ, లేత నీలం థీమ్ వేస్తే రెండూ పాడవుతాయి. మార్చగలిగింది కుర్చీ కవర్లు ఒక్కటే. శాటిన్ రిబ్బన్లు తీయించి, సాదా గోధుమ రంగో మీగడ రంగో వేయించండి. అంతటితోనే హాల్ సగం నెమ్మదిస్తుంది.

ఇప్పుడు అసలు విషయం. ఈ మధ్య అందరూ ఇన్‌స్టాగ్రామ్ చూసి తెల్ల ఆర్కిడ్లు, తెల్ల పరదాల బ్యాక్‌డ్రాప్ అడుగుతున్నారు. అది రంగురంగుల లెహంగా వేసుకునే పెళ్ళికి కుదురుతుంది. మన ఇళ్ళలో చాలాచోట్ల తాళి కట్టే వేళకి ఇద్దరూ మధుపర్కాల్లోకి మారతారు. తెలుపు మీద ఎర్రంచు. తెల్ల పూల ముందు తెల్ల చీర కడితే మిగిలేది ఎర్రంచు గీత మాత్రమే. గుంటూరులో ఒక అమ్మాయి తెల్ల బ్యాక్‌డ్రాపే కావాలని పట్టుబట్టింది. మధుపర్కం చీర తెప్పించి, నా దగ్గరున్న తెల్ల గుడ్డ ముందు ఒకసారి, అరటాకుల ముందు ఒకసారి భుజం మీద వేసి నిలబెట్టి ఫోటో తీసి చూపించాను. తనే ఆకులు ఎంచుకుంది. ముదురు ఆకుపచ్చ, ఇటుక ఎరుపు, కుంకుమ రంగు, ముదురు పసుపు, ఈ నాలుగింట్లో ఏదైనా మధుపర్కాలకి మంచి బ్యాక్‌డ్రాప్. తెల్ల పూలు కావాలంటే రిసెప్షన్‌కి పెట్టండి, అప్పుడు రంగు చీర ఉంటుంది.

అందుకే చెల్లెలి చీరలన్నీ, ఏ ఘట్టానికి ఏది కడుతుందో రాసుకుని, వాటి పైట కొంగు ఫోటోలు పక్కన పెట్టుకుని రంగు తేల్చండి. సోఫా గుడ్డ ఎంచకుండా గోడ రంగు వేయం కదా, అదే పద్ధతి.

ఒకే చోటు మీద కన్ను

మండపం, పక్కన పూల గోడ సెల్ఫీ పాయింట్, ఎదురుగా రాధాకృష్ణుల బొమ్మలు, పైన తిరిగే లైట్లు, రెండు ఎల్‌ఈడీ తెరల్లో పేర్లు మెరవడం. ఇవన్నీ ఒకే హాల్లో ఉంటే కన్ను దేని మీదా నిలవదు. ఫోకల్ పాయింట్ ఒక్కటే, అది పీటలు. సెల్ఫీ పాయింట్ భోజనాల దారిలో పెట్టండి. తెరల్లో కెమెరా దృశ్యం తప్ప గ్రాఫిక్స్ వద్దని ముందే చెప్పండి.

ఖాళీ గోడని చూస్తే భయపడకండి. డెకరేషన్ వాళ్ళు ప్రతి అడుగుకీ రేటు వేస్తారు కాబట్టి ప్రతి అడుగూ నింపమంటారు. బ్యాక్‌డ్రాప్ మధ్యలో కూర్చున్నవాళ్ళ తల చుట్టూ ఉన్న భాగం సాదాగా వదిలేసి, అంచులు నింపండి.

పూలు, చేతిపనులు

మీది రాజమండ్రి, కడియం పక్కనే. పూలకి ఇంతకన్నా మంచి చోటు లేదు. కడియపులంక మార్కెట్‌కి ముందు ఒక తెల్లవారుజామున వెళ్ళి ఆ కాలంలో ఏం వస్తోందో చూసి డిజైన్ చేయండి, డిజైన్ చేసి పూలు వెతకకండి. బంతి, చామంతి ఒక రోజు నిలుస్తాయి. మల్లెలు సాయంత్రం విచ్చుకుని తెల్లారేసరికి వాడిపోతాయి, కాబట్టి మల్లె సరాలు ఆఖరి గంటల్లోనే కట్టించండి, అదీ మనిషికి దగ్గరగా, వాసన అందే చోట. లైట్ల వేడి తగిలే చోట పెట్టకండి.

బంతిపూలు పాతగా ఉంటాయని కొందరు వద్దంటారు. ఒకే రంగు బంతిని దగ్గర దగ్గరగా, తిన్నటి వరసల్లో కట్టి చూడండి. నారింజ, పసుపు కలిపి చారలు చారలుగా వేయడం వల్లే అది గుడి ఉత్సవంలా కనిపిస్తుంది. టెక్స్చర్ కోసం కొబ్బరి మట్టల అల్లిక, తాటాకు, మామిడాకుల తోరణాలు చాలు. స్తంభాల మధ్య గుడ్డకి పెడన అచ్చుల కలంకారీ, మంగళగిరి నూలు బాగా పడతాయి. పెళ్ళి అయ్యాక అవి ఇంట్లో పరదాలో దుప్పట్లో అవుతాయి. ఏటికొప్పాక లక్క బొమ్మలు స్టేజీ మీద పెట్టకండి, దూరానికి కనబడవు. చేతికందే చోట, పన్నీరు చల్లే బల్ల మీద పెట్టండి.

నడక, చప్పుడు, భోజనం

మధ్య దారి 8 అడుగులు ఉంచండి. పెళ్ళికూతురు, అటూఇటూ ఆడపిల్లలు, వాళ్ళ ముందు వెనక్కి నడిచే కెమెరా మనిషి, అందరూ పట్టాలి. రిసెప్షన్‌కి స్టేజీ ఎక్కే మెట్లు ఒక వైపు, దిగే మెట్లు ఇంకో వైపు ఉండాలి, దిగిన దారి నేరుగా భోజనాలకి పోవాలి. ఎక్కిన మెట్ల మీదే దిగమంటే వరస గంటలు గంటలు కదలదు. చదివింపులు రాసే బల్ల ఎక్కే వైపు కాకుండా దిగే వైపు పెట్టించండి.

టైల్స్, అద్దాలు ఉన్న హాల్లో సన్నాయి, డోలు మోగితే పురోహితుడి మంత్రం వినబడదు. పక్క గోడలకి పరదా గుడ్డ రెండింతల కుచ్చులతో వేయించండి, ప్రతిధ్వని బాగా తగ్గుతుంది. మేళం వాళ్ళని మండపానికి ఆనుకుని కాకుండా స్టేజీ పక్కన కిందికి, పురోహితుడు చెయ్యెత్తితే కనబడేంత దూరంలో కూర్చోబెట్టండి. గట్టిమేళం సైగ వాళ్ళకి అందాలి, అంతే. స్పీకర్లు ముసలివాళ్ళు కూర్చునే ముందు వరసల వైపు తిప్పకండి.

బంతి భోజనాలైతే మనిషికి 2 అడుగుల బల్ల, వెన్నుకి వెన్నుగా ఉన్న కుర్చీల మధ్య 4 అడుగుల దారి. వడ్డించే మనిషి సాంబారు బకెట్‌తో పోవాలి.

డబ్బు

డబ్బు తక్కువైతే ముందు కోసేయాల్సింది బయట ఆర్చీ, కారిడార్ పూలు, సెల్ఫీ గోడ. కోయకూడనివి మండపం దిమ్మె, ముఖాల మీద వెలుతురు, మెట్లు. డెకరేషన్ వాళ్ళతో గొడవ పెట్టుకోకండి, రాత్రంతా నిలబడి కట్టేది వాళ్ళ కుర్రాళ్ళే. వాళ్ళకి కొలతలతో ప్లాన్ ఇవ్వండి, ఫోటోలు ఇవ్వకండి. చాలామంది సంతోషంగా చేస్తారు, ఎందుకంటే వాళ్ళకి ఎవరూ ప్లాన్ ఇవ్వరు.

ఒక్క పని మాత్రం తప్పకుండా చేయండి. హాల్ మీ చేతికొచ్చిన వెంటనే, సామాను దించకముందే, స్టేజీ మీద ముగ్గుపిండితో మండపం గీయండి. పీటలు, హోమగుండం, కలశం, స్తంభాలు, కెమెరాలు నిలబడే చోట్లు అన్నీ గీసి, ఇంట్లో ఉన్నవాళ్ళని పిలిచి కూర్చోబెట్టండి. పురోహితుడు రాగలిగితే ఇంకా మంచిది. మీరు వెళ్ళి ఆఖరి వరసలో ఎడమ చివర కుర్చీలో, తర్వాత కుడి చివర కుర్చీలో కూర్చుని చూడండి. ఏం జరపాలో అక్కడ కూర్చుంటే తెలుస్తుంది, అప్పటికి జరపడానికి ముగ్గు చెరిపితే చాలు.

మీ హాల్ స్టేజీ పొడవు, వెడల్పు, ఎత్తు, అది ఏ దిక్కుకి ఉందో, ముహూర్తం ఎన్ని గంటలకో ఇక్కడ రాయండి. చెల్లెలు మధుపర్కం కట్టుకుంటుందో లేదో కూడా చెప్పండి. పీటలు, బ్యాక్‌డ్రాప్ ఎక్కడ పడితే బాగుంటుందో చూసి చెబుతాను.